నీల్ల టేంకు పక్క ఎడం మూల

సందేశమా? నాకాడ సందేశమేటుంటాది బాబూ.

బిష్టుపూరు తెలుగు సంఘమోల్లు అచ్చేసే పుస్తకంలో చాంపియను తల్లి మాటలు నాలుగుండాలని నిన్ను తోలినారు, నువ్వు కలం పట్టుకుని వచ్చినావు. పేరేటన్నావు, గణపతిరావా? కూకో గణపతిరావూ. ఆ పీట మీద కాదు, దాని కాలు ఊగుతాది, మంచం మీద కూకో. నువ్వు ముందే రాసుకొచ్చిన కాయితం సదివినావు గదా, ఆ తల్లి తన రక్తాన్ని చెమటగా మార్చి బిడ్డను దేశానికి అర్పించింది అని. అది సింపీయ్. నా రగతం నాకాడే ఉంది. నా కూతురు గెలిసిన ఆటల్లో నా సెయ్యి ఒక్కదాంట్లోనూ నేదు. ఓడిపోయిన ఆట ఒకటుంది, అందులో ఉంది. అది రాత్తానంటే సెప్తాను. నేదంటే టీ తాగీసి ఎల్లిపో, నాకు పనుంది.

రాత్తావా? సరే ఇను. మజ్జిలో ఆపకు.

మాది టెక్కలి అవతల పల్లి. మా ఆయన అసిరయ్య ఇక్కడికి, ఈ బిహారుకి, ఇనప కంపెనీలో కంట్రాక్టు కూలికి వచ్చినాడు, ఆయన ఎనకాల నాను వచ్చినాను. నా కూతురు బంగారానికి నాలుగేల్లప్పుడు ఆయన రొమ్ము జబ్బుతో పోనాడు. ఈ కద్మాలోనే ఆఫీసర్ల క్లబ్బుంది సూడు, అక్కడ టెన్నిసు కోర్టు అలికే పనికి కుదిరినాను. నవ్వకు. మట్టి కోర్టు బాబూ అది. ఎర్రమట్టి జల్లించి పరిసి, నీల్లు సల్లి, రోలరు లాగి, ఆ పైన పేడనీల్లు పలసగా అలకాల. మనింటి ముంగిలి అలికినట్టే. కాపోతే ముంగిట్లో ఎత్తుపల్లాలుంటే ఎవులూ అడగరు. ఇక్కడ బంతి ఏ మూల పడినా ఒక్కలాగే లెగాల. పేడ ఎక్కువైతే పెచ్చులూడతాది, తక్కువైతే దుమ్ము లెగుత్తాది. ఆ పాలు నా సేతికి తెలుసు, ఏ ఇంజినీరుకీ తెల్దు. వంగి, ఎనక్కి ఎనక్కి నడుత్తూ, ఆ సివర నుంచి ఈ సివరకి అలుక్కుంటూ రావాల. ఆఫీసర్ల ఆడోల్లు నా పక్కనుంచి ఎల్తే ముక్కు మూసుకునీవోరు. ఆల్ల బూట్ల కింద ఉన్నదీ అదే పేడ. దానికి మాత్రం కంపు నేదు.

ఆ క్లబ్బుకి సెక్రటరీ కూర్మారావు గారు. అవును, రేపు సన్మానం స్టేజీ మీద నడిమిన కూకునే ఆయనే. తెలుగోడే, మా జిల్లావోడే. మనోడు గదా అని మొదట్లో సంబరపడినాను. ఒకనాడు రోలరు నా పాదమ్మీదకెక్కి రెండు ఏల్లకీ గోరు నేకుండా నుజ్జు సేసినాది. ఆసుపత్రిలో క్లబ్బు మనిసినని సెప్తే కాయితం తెమ్మన్నారు. కుంటుకుంటూ ఈయన కాడికి ఎల్తే, ఇంగిలీసులో ఓ కాయితం టైపు కొట్టించి, ముద్దరేసి ఇచ్చినాడు. సాయం సేసినాడనుకుని దండం పెట్టినాను. ఆసుపత్రిలో సదివితే తేలినాది. దాలమ్మ అనే ఈ ఆడమనిసికీ మా క్లబ్బుకీ ఏ సమ్మందమూ నేదు అని రాసుంది. నాలుగు రోజుల తరవాత అదే కాలితో మల్లీ ఆడి కోర్టే అలికినాను. ఆ కాయితం మాత్రం పారీనేదు. ట్రంకు పెట్టి అడుగున దాసినాను.

ఆయన కూతురు పద్మకుమారి, నా కూతురి ఈడే. రోజూ పొద్దున్న ఆరింటికి, కంపెనీ సైరను, అదే భోంపు, మోగీసరికి, ఆ గుంటని జీపులో దింపి టెన్నిసు నేర్పించీవోడు. నెట్టుకి అవతల నిలబడి బంతి తిరిగి కొట్టేవోల్లు కావాల గదా. నాతో వచ్చిన బంగారం బంతులేరి ఇసిరీది. ఎంత దూరం నుంచి ఇసిరినా తిన్నగా పద్మ సేతిలోకే పడీది. అది సూసి, పద్మ ఒగ్గేసిన పాత రేకెట్టొకటి దాని సేతికిచ్చి అవతల నిలబెట్టినాడు. కాపోతే కట్టుబాట్లు పెట్టినాడు. గెలిసే బంతి కొట్టకూడదు. పద్మకి ఎడంపక్క బంతి వత్తే మొకం ముడుసుకుంటాది, అటు ఎయ్యకూడదు. కుడిపక్క, నడుం ఎత్తున, సేతికి అందించినట్టు పంపాల. అటు పోతే తిట్టు, ఇటు పోతే తిట్టు. ఆరేల్లు నా కూతుర్ని గోడ సేసి నిలబెట్టుకున్నాడు. ఆడికి తెలీనిదేటంటే, కోరిన సోటుకి బంతి పంపడం కంటే ఆ ఆటలో పెద్ద సదువు ఇంకోటి నేదంట.

ఇంకోటి గురుతెట్టుకో, అసలు సంగతి దీంట్లోనే ఉంది. పద్మ ఎప్పుడూ నీల్ల టేంకు పక్కే ఆడీది. అటు ఎండ ఈపుకి తగుల్తాది. నా కూతురు రోడ్డు పక్క, ఎండ తిన్నగా కల్లల్లో. ఆరేల్లలో ఒక్క పొద్దు కూడా అటు ఇటు మారనేదు. అది ఆల్ల సోటు, ఇది మా సోటు అనుకున్నాను నాను. పెద్దోల్ల ఇంట్లో పెద్దాయన కుర్చీలో ఇంకోలు కూకోరు సూడు, అలాగన్నమాట. పోటీ ఆట నానెప్పుడూ సూడనేదు బాబూ. పన్నెండేల్లు కోర్టు అలికినాను, ఒక్క పోటీ సూడనేదు. పోటీ ఉన్ననాడు మెంబర్లు పెల్లాం పిల్లల్తో వత్తారు, పేడమనుసులు అవుపించకూడదు. పొద్దున్నే నీల్లు సల్లీసి ఎనక గేటంట బయటికి పోవాల.

బలరామన్న నీకు తెలుసు గదా. టాటానగర్ రైల్వే ఇన్‌స్టిట్యూటులో టెన్నిసు మార్కరు, అంటే ఆఫీసర్లకి ఎదర నిలబడి ఆట నేర్పే మనిసి. ఇచ్ఛాపురం అవతలోడు, తెలుగులో సగం ఒరియా కలుపుతాడు. ఏదో పనిమీద క్లబ్బుకొచ్చి, బంగారం ఆడతంటే సూసి, ఈ పిల్ల ఎవులిది అని నన్నే అడిగినాడు. నాదే అన్నాను. పేడ తట్ట ఎత్తుకుని ఉన్నాను అప్పుడు. ఆయన ముక్కు మూసుకోనేదు.

డెబ్బయ్యెనిమిదిలో ఆ క్లబ్బులో పెద్ద టోర్నమెంటు ఎట్టినారు. గెలిసిన పిల్ల బిహారు టీములోకి ఎల్తాది. రైల్వే స్పోర్ట్సు ఆఫీసరు కలకత్తా నుంచి సూడ్డానికి వత్తన్నాడు, గెలిసిన పిల్లకి ఉజ్జోగం ఖాయం అన్నాడు బలరామన్న. రైలు ఉజ్జోగం బాబూ. పేడ తట్ట నాతోనే ఆఖరైపోతాది. ఆ మాట ఇన్న కాణ్నుంచి నాకు ఇంకే ఊసూ నేదు, అన్నం తింటన్నా అదే, నీల్లు మోత్తన్నా అదే. బలరామన్న బంగారం పేరు రాసిచ్చినాడు. రోజూ పని అయ్యాక టాటానగర్ తీసుకెల్లి నెల రోజులు తయారు సేసినాడు.

కూర్మారావు ఇంతెత్తున లెగిసినాడు. క్లబ్బు నౌకర్ల పిల్లలు టోర్నమెంటులో ఆడకూడదని రూలుందన్నాడు. అప్పుడు నాను ట్రంకు పెట్టి తీసినాను. బలరామన్న ఆ కాయితం కమిటీ బల్ల మీద పరిసి, దాలమ్మకీ మీ క్లబ్బుకీ సమ్మందం నేదని మీ సెక్రటరీ గారే ముద్దరేసి ఇచ్చినారు, మరి నౌకరు పిల్ల ఎలగయినాది అని అడిగినాడంట. దాని పేరు ఒప్పుకోక తప్పనేదంట. ఆయనొచ్చి సెప్తంటే నాను కడుపార నవ్వినాను. ఆ ఏడు నాను నవ్వింది అదొక్కమాటే.

బంగారం రాంచీ పిల్లని ఓడించినాది, ధన్‌బాద్ పిల్లని ఓడించినాది. ఆదివారం ఆఖరి ఆట పద్మతో. బలరామన్న దానికి ఒకటే సెప్పినాడు. ఆరేల్లు ఏ పక్క ఎయ్యొద్దన్నారో ఆ పక్కే ఎయ్యి, పద్మ ఎడం మూలకి కొట్టు, రెండు గంటల్లో ఇంటికి ఎల్లిపోతావు అని. నా ఎదరే సెప్పినాడు. నానూ ఇన్నాను. ఇన్నదాన్ని ఇనీసి ఊరుకోనుంటే సాలు.

శనివారం సాయంత్రం నాను కోర్టు అలుకుతన్నాను. కూర్మారావు వచ్చి గట్టు మీద నిలబడినాడు. రేపు ఎనిమిదిలోపు కాంపౌండు ఖాళీ సెయ్యాల, గెస్టులకి నీ వాసన తగలకూడదన్నాడు. అది నాకు అలవాటే. ఎల్తా ఎల్తా ఎనక్కి తిరిగినాడు.

"దాలమ్మా, నీ కూతురు ఎంత ఎగిరినా మా అమ్మాయి ఎంగిలి ఆటే కదా. రాకెట్ మాది, బంతులు మావి. రేపు ఓడిపోయాక ఏడుస్తూ ఇంట్లో కూర్చోబెట్టకు. సోమవారం ఆరింటికి మామూలుగా పంపించు."

నిజం సెప్తాను. ముందు నాకు కోపం రానేదు, భయం వచ్చినాది. ఆడి రేకెట్టు, ఆడి కోర్టు, ఆడు ఎట్టిన అంపైరు. నా గుంట ఎలగ గెలుత్తాది? సోమవారం మల్లీ రోడ్డు పక్క నిలబడతాది, మల్లీ ఎండ కల్లల్లో, మల్లీ నడుం ఎత్తున బంతి. ఆ బొమ్మ నా కల్ల ముందు నిలబడిపోనాది. కోపం ఆ తరవాత వచ్చినాది. వచ్చినాక ఇంక పట్టపగ్గాల్లేవు.

తోటమాలి కొట్టంలో ఊక బస్తా ఉంది. తట్టడు తెచ్చినాను. నీల్ల టేంకు పక్క ఎడం మూలలో, రెండు మంచాలు పట్టీ మేర, పైమట్టి గీకీసి, ఊక పరిసి, మీద మట్టి సల్లి, పేడనీల్లు పలసగా రాసినాను. రోలరు లాగించనేదు. పైకి సూత్తే మిగతా కోర్టు లాగే నున్నగుంది. అక్కడ బంతి పడితే సచ్చిపోతాది, లెగదు. కాలు పెడితే జారతాది. అది పద్మ మూల. ఎటూ ఆ పక్క దానికి సేతకాదు, ఇంక బొత్తిగా పని అవుతాది అనుకున్నాను. ఇంటికొచ్చి బంగారానికి అన్నం ఎట్టినాను. ఏటీ సెప్పనేదు. అది అన్నం తిని, బూట్లకి సున్నం రాసుకుని, రేకెట్టు పక్కలో ఎట్టుకుని పడుకున్నాది.

ఆదివారం ఎనక గేటంట బయటికొచ్చి, సుట్టు తిరిగి రోడ్డు పక్క గోడ కాడికి ఎల్లినాను. గోడ మరమ్మత్తుకి తెచ్చిన ఇటకల పోగుంది. దాని నీడన కూకుని ఇన్నాను. బంతి సప్పుడు నాకు తెలుసు. టక్కు, టక్కు, టక్కు. ఉన్నట్టుండి ఒక టక్కు నేదు, సప్పట్లు. ఇంకోమాటు అలాగే. పద్మ మూలలో బంతి సచ్చిపోతన్నాదని తెలిసిపోనాది. నా ఒల్లంతా పొంగిపోనాది. ఓరి కూర్మారావూ, ఇప్పుడు కొట్టించరా నీ రేకెట్టుతో అనుకున్నాను. సిగ్గు నేకుండా సెప్తన్నాను, రాసుకో.

కాసేపటికి ఏదో దబ్బున పడినాది. జనం అయ్యో అన్నారు. పద్మ జారి పడిందనుకుని, ఉండబట్టక ఇటకల మీదకెక్కి గోడమీంచి తొంగి సూసినాను. నీల్ల టేంకు పక్క ఎడం మూలలో, మోకాల్ల మీద, నా కూతురుంది.

నాకు బుర్ర తిరిగిపోనాది. ఇది అటేల ఎల్లినాది? అది ఆల్ల సోటు గదా? గేటు కాడ చౌకీదారు ఉన్నాడు, బిహారీ ముసిలోడు, ఇరవయ్యేల్లుగా ఆ ఆటలు సూత్తన్నోడు. నా బిడ్డ ఆల్ల పక్కకి ఏల ఎల్లినాదని అడిగినాను. ఆడు నాకేసి సూసి నవ్వినాడు.

"అరే దాలమ్మా, పహలే గేమ్ కే బాద్ సైడ్ బదల్‌తే హై. ఫిర్ హర్ దో గేమ్ పే. ఇత్‌నే సాల్ సే కోర్ట్ లీప్‌తీ హో, ఇత్‌నా భీ నహీ మాలూమ్?"

మొదటి గేము అవగానే పక్కలు మారతారంట. ఆ తరవాత రెండేసి గేములకోమాటు మారతానే ఉంటారంట. ఇన్నేల్లుగా కోర్టు అలుకుతన్నావు, ఇది కూడా తెల్దా అంటన్నాడు. ఎలగ తెలుత్తాది బాబూ? ఎవులు సూడనిచ్చినారు? ఆ కోర్టులో మూలమూలా నాకు తెలుసు. సీమలు ఎక్కడ పుట్ట ఎడతాయో తెలుసు. ఆల్లు అటూ ఇటూ మారతారని మాత్రం తెల్దు. గోడ పట్టుకుని నిలబడినాను.

బంగారం లెగిసినాది. మడం పట్టీసినట్టుంది, ఒక కాలిమీదే నిలబడినాది. మల్లీ వంగి, జారిన సోట సిటికెడు తీసినాది. ఊక. ఏల్లతో నలిపి వాసన సూసినాది. అది నా పక్కన కూకుని పేడ కలిపిన పిల్ల బాబూ, దానికి ఎవులూ సెప్పక్కర్లేదు. పైన కుర్చీలోంచి అంపైరు ఏదో అడిగినాడు. ఒక్క మాట సెప్పుంటే ఆట ఆపి రెండో కోర్టులో ఆడించీవోరు. ఈ కోర్టు అలికిందెవులు అని కూడా అడిగీవోరు. కూర్మారావు అక్కడికక్కడే పోలీసుల్ని పిలిచీవోడు. నా కూతురు తలడ్డంగా ఊపినాది. బూటుతో ఆ ఊక కప్పీసి ఆటకి నిలబడినాది.

తరవాత దాని సర్వీసు వచ్చినాది. తిన్నగా నాలుగు బంతులు నెట్టుకే కొట్టినాది. జనానికి ఏటీ అర్థం కానేదు. నాకు అయినాది. మొదటి గేములో ఆ మూలలో సచ్చిన బంతుల వల్ల వచ్చిన పాయింట్లు అది తిరిగిచ్చేత్తన్నాది.

మల్లీ పక్కలు మారినారు. పద్మ నీల్ల టేంకు పక్కకి పోనాది. ఎడం మూల బోరున ఖాళీ. బలరామన్న నెల రోజులు నూరిపోసిన మూల. నా కూతురు ఒక్క బంతి, ఒక్కటంటే ఒక్కటి అటు ఎయ్యనేదు. కుడిపక్కే ఏసినాది, నడుం ఎత్తున, పద్మకి ఎక్కడ ఇట్టమో అక్కడే. పక్కన చౌకీదారు నెత్తి కొట్టుకుంటన్నాడు, ఈ పిల్లకి పిచ్చా, అటంతా ఖాళీగుంటే కనపడ్డంలేదా అని. ఆడి నోరు మూయించాలనిపించినాది. ఏటని సెప్పి మూయించను?

తల్లి సేసిన మోసం మీద గెలవకూడదని అది కొట్టకుండా ఒగ్గేసినాది. ఏ మూల కొడితే గెలుత్తాదో ఆ మూలే నాను పాడుసేసినాను. తను ఆ పక్కకి ఎల్లినప్పుడు పద్మ మాత్రం ఆ మూలకే ఏసినాది. ఆ అమ్మిని అనడానికి నేదు, దానికేటి తెలుసు? వాసిపోయిన కాలితో నా కూతురు ఆ ఊకలో పరిగెట్టినాది, పడినాది, లెగిసినాది. అప్పటికీ ఒక సెట్టు గెలిసినాది. మూడో సెట్టు సివరిదాకా లాగినాది. ఇంతకాలం దాని ఆటంటే ఎదుటోల్లకి బంతి అందించడమే అనుకున్నాను. ఆ గోడమీంచి మొదటిమాటు సూసినాను బాబూ, నా గుంట ఎలగ ఆడతాదో. ఒంటికాలి మీద, సగం కోర్టు ఒగ్గేసుకుని, ఆ పిల్లకి సెమటలు పట్టించినాది. నా ఊక నేకపోతే ఆ ఆట గంటలో అయిపోను.

ఓడిపోనాది.

కూర్మారావు మైకు పట్టుకుని మా అమ్మాయి గెలిచిందన్నాడు, దాలమ్మ కూతురు కూడా మన క్లబ్బు బిడ్డే అన్నాడు. రైల్వే ఆఫీసరు కారెక్కి ఎల్లిపోనాడు. పద్మ టీములో పట్నా ఎల్లి మొదటి ఆటకే ఓడి వచ్చినాది. మరుసటేడు పెల్లి సేసీసినారు, రేకెట్టు మూల పడీసినాది. ఆ మూల ఊకని సోమవారం పొద్దున్న నానే గీకి, మట్టేసి, రోలరు లాగించినాను. మా ఇద్దరికీ తప్ప ఈనాటికీ ఎవులికీ తెల్దు.

ఆవేల ఇంటికొచ్చి ఏన్నీల్లలో దాని కాలు ఎట్టినాను. అది అరవనేదు. అరిసినా బాగుణ్ను. కోపం వత్తే అది హిందీలోకి ఎల్లిపోతాది.

"తుమ్‌కో భరోసా నహీ థా, అమ్మా. ఏక్ దిన్ భీ నహీ థా."

నా మీద నీకు నమ్మకం నేదు, ఒక్క రోజు కూడా నేదు అన్నాది. నాను గబగబా సెప్పబోయినాను, కూర్మారావు ఏటన్నాడో, ఎంగిలి ఆట అన్నాడని, సోమవారం పంపించమన్నాడని. అది ఇన్నాది. ఇని, అప్పుడు తెలుగులో అన్నాది.

"నాను ఓడిపోతానని ఆడు అనుకున్నాడు. నువ్వూ అదే అనుకున్నావు."

కలం ఆపీసినావేటి గణపతిరావూ? సేయి నొప్పెట్టినాదా? ఇది సావనీరులో బాగుండదా? నాకు తెలుసు బాగుండదని. ఎనిమిదేల్లుగా నా నోట్లో ఉంది, నాకు బాగుందనుకున్నావా? రాయి.

మూడో రోజు బలరామన్న ఇంటికి ఎల్లిపోనాది. ఆయన పెల్లాం మంచిది, కూతురు లాగే సూసుకున్నాది. అక్కడ రైల్వే ఇన్‌స్టిట్యూటులో సిమెంటు కోర్టు. పేడా అక్కర్లేదు, అమ్మా అక్కర్లేదు. రెండేల్లు ఎనకబడినాది, రైలు ఉజ్జోగం ఎనబైలో వచ్చినాది. ఎనబైరెండులో దేశం మొత్తానికి చాంపియనయినాది. ఎనబైనాలుగులో మల్లీ. పేపర్లో బొమ్మ పడితే చౌకీదారు తెచ్చి సూపించినాడు. కప్పు ఎత్తి పట్టుకుని ఉంది. నాను ముందు దాని కాలి మడం కేసి సూసినాను, వాపేటైనా ఉందా అని. దసరాకి దసరాకి బలరామన్న సేత సీర పంపుతాది. సీర వత్తాది, మనిసి రాదు. ఎందుకు రాదో ఊల్లో ఒక్కోలు ఒక్కోలాగ సెప్పుకున్నారు, కల్లు నెత్తికెక్కినాయన్నారు, తల్లి పేడ పని సేత్తాదని నామోషీ అన్నారు. ఆల్లందరితో నాను తగువులాడినాను. నిజం మాత్రం సెప్పనేదు.

పోయిన వారం కూర్మారావు నా కొంపకి కారులో వచ్చినాడు. ఇప్పుడు క్లబ్బుకి ప్రెసిడెంటు. ఆదివారం నీ కూతురికి సన్మానం, ఎగ్జిబిషన్ మ్యాచి, ముందు వరసలో నీకు కుర్చీ వేయిస్తున్నామమ్మా అన్నాడు. అమ్మా అంట. మొదటి రాకెట్ నేనే ఇచ్చానని స్పీచిలో సెప్తాడంట. సెప్పుకో బాబూ అన్నాను. నీ కుర్చీ నాకు అక్కర్నేదు, నాకొక్కటే కావాల అన్నాను. ఆ కోర్టు నాను అలకాల, ఇంకోలు సెయ్యి ఎట్టకూడదు. ఆడు నవ్వీసి, సరే అన్నాడు.

ఐదు రోజులు సేసినాను. నా నడుం సూడు, నిలబడదు ఇప్పుడు. పాత మట్టి తవ్వించి, కొత్త మట్టి మూడు మాట్లు జల్లించినాను. రోలరోల్లని తిట్టి తిట్టి లాగించినాను. పలసగా రెండు పూతలు అలికినాను. నీల్ల టేంకు పక్క ఎడం మూల మాత్రం మూడు పూతలు ఏసినాను, అరసేత్తో మెదిపి మెదిపి. గోరు దిగదు అక్కడ. ఈ ఐదు రోజులూ నాకు ఒకటే ఆశ. అది వచ్చి ఆ కోర్టు మీద మారు మాటాడకుండా కాలెట్టాల. ఏటీ అడక్కుండా, ఏటీ సూడకుండా, ఉత్తినే దిగిపోవాల. అంతే. నాకు ఇంకే సన్మానమూ వద్దు.

నిన్న సాయంత్రం వచ్చినాది. ఎంట బలరామన్న కూడా వచ్చినాడు. దండలేసినారు. నాను నెట్టు గుంజ కాడ నిలబడున్నాను, సేతులకి ఇంకా పేడే. నా కాడికొచ్చినాది. బాగున్నావా అమ్మా అన్నాది, తెలుగులోనే. తలూపినాను. మనిసి బలిసింది, కల్ల కింద గీతలొచ్చినాయి. ఈలోగా కూర్మారావు మజ్జిలోకొచ్చి, ఈ కోర్టు మీ అమ్మగారు స్వయంగా అలికారమ్మా అని గొప్పగా సెప్పినాడు.

నా కూతురు ఆగిపోనాది.

నెట్టు పక్కనుంచి అవతలికి ఎల్లినాది. తిన్నగా నీల్ల టేంకు పక్క ఎడం మూలకి ఎల్లినాది. బూటు మడంతో నొక్కినాది. ఇంకోమాటు నొక్కినాది. అప్పటికీ సాలక, గొంతుక్కూకుని అరసేత్తో ఆ మేరంతా తడిమి సూసుకున్నాది. గట్టిగుంది గదా అమ్మా అని నా నోటిదాకా వచ్చినాది, అననేదు. అది లెగిసి, సెయ్యి దులుపుకుని, ఆడదాం పద అన్నాది బలరామన్నతో. నాకేసి సూడనేదు.